డ్యుప్లెక్స్: దడి దగ్గర పుట్టిన ఒక ఫ్రెంచి ఇంటిపేరు

బడి పుస్తకాల్లో మనం 'డూప్లే' అని చదువుకున్నాం. కర్ణాటక యుద్ధాల పాఠం వచ్చినప్పుడల్లా ఈ పేరూ, ఆ వెంటే బుస్సీ పేరూ వస్తాయి. పారిస్ నగరంలో ఆ పేరుతోనే ఒక మెట్రో స్టేషను ఉంది. అక్కడివారు దాన్ని 'డ్యుప్లెక్స్' అంటారు. ఇక మన ఊళ్ళలో డూప్లెక్స్ అంటే రెండంతస్తుల ఇల్లు. ఈ మూడింటికీ సంబంధం ఉందా? ఉంటే ఎంత? అసలు ఈ ఇంటిపేరుకు అర్థం ఏమిటి? ఫ్రాన్స్‌లో ఇప్పుడు ఎంత వాడుకలో ఉంది? యానాం, పుదుచ్చేరి సంబంధాలున్న మన కుటుంబాలకు ఈ పేరు కొత్త కాదు కనుక, తెలిసిన విషయాలను ఒకచోట చేర్చి ఇస్తున్నాం. చివర్లో మన ఇంటిపేర్ల గురించి కూడా ఒక మాట చెబుతాం.

పేరు ఎలా పలకాలి

ఫ్రెంచి అక్షరాల్లో ఈ పేరు డి, యు, పి, ఎల్, ఈ, ఐ, ఎక్స్ అని ఉంటుంది. ఫ్రెంచిలో మాట చివర వచ్చే ఎక్స్ అక్షరాన్ని చాలాసార్లు పలకరు. శాంతి అనే అర్థం గల 'పే', గొంతు అనే అర్థం గల 'వ్వా' మాటల చివర ఎక్స్ రాస్తారు, పలకరు. మన పుస్తకాల్లోని 'డూప్లే' ఆ పద్ధతిలో వచ్చిన ఉచ్చారణే. అయితే ఊరి పేర్లకూ ఇంటిపేర్లకూ ఈ నియమం ఎప్పుడూ వర్తించదు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎక్స్ పట్టణం పేరులో చివరి అక్షరం స్పష్టంగా పలుకుతుంది. డ్యుప్లెక్స్ కూడా ఆ కోవలోదే. కాబట్టి నేటి ఫ్రెంచివారి నోట ఈ పేరు డ్యుప్లెక్స్. తెలుగులో డూప్లే అన్నా తప్పుపట్టనవసరం లేదు, అది మన వాడుకలో స్థిరపడిన రూపం.

పేరుకు అర్థం

ఈ పేరులో రెండు ముక్కలున్నాయి. మొదటిది 'డ్యు'. 'ఫలానా చోటి' అని చెప్పే విభక్తి లాంటిది. రెండోది 'ప్లెక్స్' లేదా 'ప్లే'. పాత ఫ్రెంచిలో కొమ్మలను ఒకదానిలో ఒకటి అల్లి కట్టిన కంచెకు ఆ మాట వాడేవారు. లాటిన్‌లో అల్లడం అనే అర్థం గల క్రియ నుంచి పుట్టింది. అలాంటి కంచె చుట్టూ ఉన్న స్థలాన్ని, అక్కడ వెలసిన పల్లెను కూడా అదే మాటతో పిలిచారు. మధ్య ఫ్రాన్స్‌లో ఈ మాటతో ఏర్పడిన చిన్న చిన్న పల్లెల పేర్లు చాలా ఉన్నాయి. అంటే డ్యుప్లెక్స్ అంటే 'దడి ఉన్న చోటివాడు' అని.

గోదావరి పల్లెల్లో పెరిగినవారికి దడి అంటే వివరించనక్కర్లేదు. తాటి మట్టలో, కొబ్బరి మట్టలో, వెదురు బద్దలో అల్లి పెరటి చుట్టూ కడతాం. ఫ్రాన్స్ దడి ఇంకో రకం. అది బతికున్న దడి. వరుసగా నాటిన లేత చెట్ల కాండాన్ని మొదట్లో సగానికి పైగా నరికి, పూర్తిగా తెగకుండా పక్కకు వంచి, నిలువు గుంజల మధ్య అల్లుతారు. తెగని బెరడు ద్వారా చెట్టు బతికే ఉంటుంది. వంచిన చోట కొత్త చిగుళ్ళు పైకి లేస్తాయి. రెండు మూడేళ్ళలో పశువు దూరలేనంత దట్టంగా తయారవుతుంది. ముళ్ళ తీగ వచ్చిన తరువాత ఈ పని చాలావరకు మూలపడింది. ఇప్పుడు కొన్ని ప్రాంతాల్లో పాత పనితనాన్ని మళ్ళీ నేర్చుకుంటున్నారు.

ఈ విద్య ఎంత పాతదో చెప్పే సాక్ష్యం ఒకటుంది. క్రీస్తు పూర్వం 57లో రోమన్ సేనాని జూలియస్ సీజర్ ఉత్తర ఫ్రాన్స్, బెల్జియం ప్రాంతంలోని నెర్వీ తెగతో యుద్ధం చేశాడు. లేత చెట్లను నరికి వంచి, కొమ్మలను అడ్డంగా అల్లి, గోడలాంటి కంచెలు వేశారనీ, వాటిలోంచి దూరడం మాట అటుంచి అవతల ఏముందో చూడటం కూడా సాధ్యం కాలేదనీ తన యుద్ధ వృత్తాంతంలో రాశాడు. పుదుచ్చేరి గవర్నరు డ్యుప్లెక్స్ పుట్టిన లాండ్రెసీ పట్టణం ఆ నెర్వీల నేలలోనే ఉంది. ఇది యాదృచ్ఛికమే. పేరు అక్కడే పుట్టిందని దీన్నిబట్టి అనకూడదు. ఆ మాట దేశంలో చాలా చోట్ల ఉండేది.

రెండంతస్తుల డూప్లెక్స్ ఇల్లు సంగతి వేరు. అది లాటిన్‌లో 'రెండు మడతలు' అనే అర్థం గల మాట. మడత పెట్టడం, అల్లడం అనే మాటలు ఇంకా పాత కాలంలో ఒకే ధాతువు నుంచి వచ్చాయని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. అంతవరకే చుట్టరికం. గవర్నరు పేరు మీద ఇంటికి ఆ పేరు రాలేదు, ఇంటి మీద గవర్నరుకూ రాలేదు.

జ్ఞాతుల పేర్లు

ఇదే దడి నుంచి పుట్టిన ఇంకో పేరు ప్లెస్సీ. ఇది డ్యుప్లెక్స్ కన్నా చాలా ఎక్కువగా వ్యాపించింది. దడి కట్టుకున్న దొరల కోటలకు ఆ పేరు వచ్చింది. తూర్ నగరం పక్కనున్న ప్లెస్సీ కోటలోనే 1483లో పదకొండో లూయీ రాజు చనిపోయాడు. పదమూడో లూయీ కాలంలో రాజ్యాన్ని నడిపిన కార్డినల్ రిషెల్యూ అసలు పేరు ఆర్మాన్ జాన్ డ్యు ప్లెస్సీ. మహామంత్రి ఇంటిపేరు, పుదుచ్చేరి గవర్నరు ఇంటిపేరు రెండూ ఒకే పెరటి దడిలోంచి వచ్చాయన్నమాట.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. పేరు ముందు 'డ్యు' ఉంటే ప్రభువంశం అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వంతెన దగ్గరివాడు డ్యుపాన్, అడవి దగ్గరివాడు డ్యుబ్వా, మర దగ్గరివాడు డ్యుమూలాన్, పచ్చిక బయలు దగ్గరివాడు డ్యుప్రే. ఇవన్నీ రైతులవీ, పనివారివీ. ఊళ్ళో నలుగురు పియెర్‌లు ఉంటే 'దడి దగ్గరి పియెర్' అని గుర్తు చెప్పారు. ఆ గుర్తే తరువాతి తరాలకు ఇంటిపేరైంది.

పేరు ఎందుకు అరుదైంది

ఫ్రాన్స్‌లో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు మార్టిన్. డ్యుపాన్, డ్యుబ్వా కూడా ఊరూరా కనిపిస్తాయి. డ్యుప్లెక్స్ అలా కాదు, అరుదు. అందుకు మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, మాట ప్రాంతీయమైనది. వంతెన లేని ఊరు, అడవి లేని ఊరు తక్కువ. అందుకే ఆ పేర్లు వందల చోట్ల విడివిడిగా పుట్టాయి. 'ప్లెక్స్' అనే రూపం కొన్ని ప్రాంతాల మాండలికంలోనే ఉండేది. మిగతా చోట్ల ప్లెస్సీ దాని స్థానాన్ని ఆక్రమించింది.

రెండోది, రాతలో తేడాలు. 1539లో రాజు ఫ్రాన్స్వా వెలువరించిన శాసనంతో చర్చిల్లో బాప్తిస్మాల రిజిస్టరు తప్పనిసరి అయింది. రాసేది చర్చి ఫాదరు. ఆయనకు చెవిన పడినట్టు రాసేవాడు. ఒకే కుటుంబం పేరు ఒక తరంలో ఒక రకంగా, ఇంకో తరంలో ఇంకో రకంగా చేరింది. చివరి ఎక్స్ కొందరి పేరులో నిలిచింది, కొందరికి ఊడింది. మధ్యలో ఈ బదులు ఏ అక్షరం చేరింది. విప్లవ ప్రభుత్వం 1794 ఆగస్టులో ఒక చట్టం చేసి, జనన రికార్డులో ఉన్న పేరు తప్ప వేరే పేరు ఎవరూ పెట్టుకోకూడదని నిషేధించింది. 1877లో ప్రతి దంపతులకూ కుటుంబ పుస్తకం ఇవ్వడం మొదలైంది. అప్పటికి ఏ రాత ఉంటే అది ఘనీభవించింది. ఒక్క పేరు నాలుగైదు పేర్లుగా చీలిపోయింది.

మూడోది, తండ్రి నుంచే పేరు రావడం. కొడుకులు లేని ఇంట్లో ఆ పేరు అక్కడితో ఆగిపోతుంది. మొదటే తక్కువగా ఉన్న పేర్లకు ఇది పెద్ద దెబ్బ. 2005 జనవరి 1 నుంచి తల్లి పేరు గానీ, ఇద్దరి పేర్లూ కలిపి గానీ పిల్లలకు పెట్టుకునే వీలు వచ్చింది. 2022 జూలై నుంచి పెద్దయిన పిల్లలు కూడా తల్లి పేరుకు సులువుగా మారవచ్చు. ఇంకో విషయం మన ఆడవాళ్ళు గమనించాలి. ఫ్రాన్స్‌లో పెళ్ళి వల్ల స్త్రీ పుట్టింటి పేరు చట్టరీత్యా పోదు. భర్త పేరు ఆమె వాడుకోవచ్చు, అంతే.

పేరు మోసినవారు

పుదుచ్చేరి గవర్నరు కన్నా ముందే ఈ పేరుతో ప్రసిద్ధుడైన వ్యక్తి సీపియోన్ డ్యుప్లెక్స్. 1569లో నైరుతి ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో పుట్టి, 1661 వరకు జీవించాడు. రాజాస్థాన చరిత్రకారుడు. పండితులంతా లాటిన్‌లో రాస్తున్న రోజుల్లో తత్త్వశాస్త్రాన్ని ఫ్రెంచిలో రాశాడు.

మనకు తెలిసినవాడు జోసెఫ్ ఫ్రాన్స్వా డ్యుప్లెక్స్. 1697లో లాండ్రెసీలో పుట్టాడు. 1731లో బెంగాల్‌లోని చందర్‌నగర్ కోఠీకి అధిపతి అయ్యాడు. 1741లో అక్కడే జాన్ ఆల్బెర్ అనే విన్సెన్స్ వారి వితంతువును పెళ్ళాడాడు. 1742లో పుదుచ్చేరి గవర్నరయ్యాడు. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నారు. 1750లో నాసిర్ జంగ్ చనిపోయిన చోట తన విజయానికి గుర్తుగా డ్యుప్లెక్స్ ఫతేబాద్ అని ఊరు కట్టించాడు. రెండేళ్ళలోనే రాబర్ట్ క్లైవ్ దాన్ని నేలమట్టం చేశాడు.

తెలుగు నేలతో ఆయనకున్న సంబంధం బుస్సీ ద్వారా వచ్చింది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను ఫ్రెంచివారికి రాసిచ్చాడు. మరుసటి ఏడే పారిస్ నుంచి వచ్చిన గోదెహ్యూ ఆయనను పదవి నుంచి దించి వెనక్కి పంపాడు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగే నాటికి డ్యుప్లెక్స్ ఫ్రాన్స్‌లో ఉన్నాడు. అందుకే మన జనం నోట బుస్సీ పేరు నిలిచింది గాని ఈయన పేరు పాఠ్యపుస్తకం దాటలేదు. కంపెనీ నుంచి తనకు రావలసిన డబ్బు కోసం ఏళ్ళ తరబడి తిరిగి, 1763లో పారిస్‌లో అప్పుల్లో చనిపోయాడు. ఇంటిపేరు నిలపడానికి కొడుకు మిగల్లేదు.

ఇంకో తెలుగు సంబంధం సాహిత్యం వైపు నుంచి ఉంది. ఆయన దుబాసీ ఆనందరంగ పిళ్ళై. 1736 నుంచి 1761 వరకు తమిళంలో రాసిన దినచర్యలో ఈ గవర్నరు దొర మాటలూ కోపాలూ అన్నీ చేరాయి. అదే పిళ్ళైకి కస్తూరి రంగకవి తెలుగులో ఆనందరంగరాట్ఛందము అనే లక్షణ గ్రంథాన్ని అంకితమిచ్చాడు. ఫ్రెంచి కోట నీడలో, తమిళుడైన దుబాసీ ఇంట్లో తెలుగు ఛందస్సుకు ఆదరణ దొరికిన కాలం అది.

వీధుల మీద, ఓడల మీద

కుటుంబాల్లో అరుదైనా, ప్రభుత్వం ఈ పేరును బాగా వాడింది. పారిస్ 15వ వార్డులో డ్యుప్లెక్స్ వీధి, చౌక్ ఉన్నాయి. 1906 ఏప్రిల్‌లో తెరిచిన మెట్రో స్టేషనుకు వీటి పేరే వచ్చింది. ఇప్పుడది ఆరో లైనులో ఉంది. నౌకాదళం నాలుగు యుద్ధనౌకలకు ఈ పేరు పెట్టింది. 1868లో జపాన్‌లోని సాకాయ్ రేవులో డ్యుప్లెక్స్ నౌకకు చెందిన పదకొండు మంది నావికులు హతమయ్యారు. 1942 నవంబరులో తూలోన్ రేవులో జర్మన్లకు చిక్కకుండా ఫ్రెంచివారే ముంచేసిన నౌకల్లో ఇంకో డ్యుప్లెక్స్ ఉంది.

పుదుచ్చేరిలో 1870లో ఆయన విగ్రహం నిలిపారు. అది ఇప్పటికీ సముద్రపు ఒడ్డున ఉంది. సొంత ఊరు లాండ్రెసీలో విగ్రహం 1888లో వచ్చింది. పుదుచ్చేరిలోని డ్యుప్లెక్స్ వీధి మాత్రం ఇప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ వీధి. బుస్సీ వీధి లాల్ బహదూర్ శాస్త్రి వీధి అయింది. పాలన మారితే వీధి పేరు మారుతుంది. అందులో వింత లేదు.

జనం నోట పేరు మారడం వేరే పద్ధతి. హైదరాబాదులో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని మొస్యూ రేమాన్ 1798లో చనిపోయాడు. జనం ఆయనను మూసా రహీం, మూసా రాం అన్నారు. మూసారాంబాగ్ పేరులో ఆయన ఇప్పటికీ ఉన్నాడు. అధికారులు పెట్టిన పేరు పోయింది, జనం అనుకున్న పేరు మిగిలింది.

1881: ఇంటిపేరు ఎంచుకోమన్న చట్టం

మన యానాం, పుదుచ్చేరి, కారైకాల్ చరిత్రలో ఇంటిపేర్లకు సంబంధించి ఒక ముఖ్యమైన తేదీ ఉంది. 1881 సెప్టెంబరు 21 నాటి ఫ్రెంచి శాసనం. దాని ప్రకారం భారతీయులు తమ కుల, మతాచార న్యాయాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరస్మృతి కిందికి రావచ్చు. అలా వచ్చినవారు తమకూ తమ సంతతికీ ఒక ఇంటిపేరు ఎంచుకుని నమోదు చేయించాలి. ఇలా మారినవారిని ఫ్రెంచిలో 'రెనోన్సాన్' అన్నారు. వారిలో చాలామంది ఫ్రెంచి పేర్లు తీసుకున్నారు. ఈ ఉద్యమానికి ముందు నిలిచిన పుదుచ్చేరి న్యాయవాది పొన్నుతంబి పిళ్ళై 'లాపోర్త్' అని పెట్టుకున్నాడు. ఫ్రెంచిలో తలుపు అని అర్థం. 1873లో బూట్లు వేసుకుని కోర్టులోకి వచ్చినందుకు జరిమానా పడిన మనిషి ఆయనే. అందుకే పుదుచ్చేరిలో ఫ్రెంచి ఇంటిపేరు కనిపిస్తే ఆ కుటుంబం ఫ్రాన్స్ నుంచి వచ్చిందని వెంటనే అనుకోకూడదు. 1881 తరువాత ఎంచుకున్న పేరు కావచ్చు.

పేరు మార్చుకోనివారి పేర్లకు కూడా ఫ్రెంచి రాత అంటింది. రాజు అనే పేరును ఆర్, ఏ, డి, జె, ఓ, యు అని రాసేవారు. యానాం కూడా ఫ్రెంచి కాగితాల్లో యానాన్ అయింది. పాత పత్రాలు వెతికేవారు ఈ రాతను గుర్తుంచుకోవాలి. ఇంగ్లీషు పద్ధతిలో వెతికితే తాతగారి పేరు దొరకదు.

మన ఇంటిపేర్ల మాట

ఫ్రెంచివారి 'డ్యు' చేసే పనిని తెలుగులో ఊరి పేరు చివర మారే అచ్చు చేస్తుంది. కందుకూరు కందుకూరి అవుతుంది. ఏలూరు ఏలూరి అవుతుంది. 'ఆ ఊరి' వారు అని అర్థం. కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో పుట్టినా పూర్వీకుల ఊరు పేరులోనే ఉంది. తేడా ఒక్కటే, వారిది పేరు తరువాత వస్తుంది, మనది ముందు.

ముందు ఉండటమే మనకు చిక్కు తెచ్చింది. తమిళనాడులో, కర్ణాటకలో స్థిరపడిన మన కుటుంబాల్లో చాలాచోట్ల ఇంటిపేరు ఒక్క అక్షరమైంది. కొన్ని ఇళ్ళలో ఆ అక్షరం కూడా తండ్రి పేరుది. ఇంటిపేరు పెళ్ళి సంబంధం మాట్లాడే రోజున మాత్రమే బయటికి వస్తుంది. మహారాష్ట్ర, ఒడిశాల్లో పేరు చివరికి చేరి నిలిచింది గాని, రాతలో రూపం మారింది. యానాంలో ఫ్రెంచి రాత ఒకటి, ఇంగ్లీషు రాత ఒకటి. ఒకే అన్నదమ్ముల పిల్లలు రెండు రాతల్లో రెండు ఇంటిపేర్లవారుగా మిగిలే ప్రమాదం ఉంది. డ్యుప్లెక్స్ నాలుగైదుగా చీలింది సరిగ్గా ఇలాగే.

మూడు పనులు చేయమని పాఠక కుటుంబాలను కోరుతున్నాం. పుట్టిన బిడ్డ పేరు నమోదు చేయించేటప్పుడు ఇంటిపేరు పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించండి. అన్నదమ్ములందరూ ఒకే రాతకు ఒప్పుకోండి. ఇంట్లో ఒక నోటుపుస్తకంలో తెలుగు లిపిలో ఇంటిపేరు, దాని వెనక ఉన్న ఊరు, పెద్దలు చెప్పిన వలస కథ, పుట్టింటి పేర్లతో సహా ఆడవాళ్ళ పేర్లు రాసి పెట్టండి. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడగాలి.

విగ్రహం, వీధి, ఓడ, మెట్రో అన్నీ ఉన్నా డ్యుప్లెక్స్ అనే ఇంటిపేరు ఫ్రాన్స్‌లో అరుదుగానే మిగిలింది. ఇంటిపేరును నిలిపేది కీర్తి కాదు. దాన్ని పూర్తిగా పలికి, పూర్తిగా రాసి, పిల్లలకు అర్థం చెప్పే ఇల్లు.